భూమేష్ పేరు పక్కన ఖాళీ

పోయింది బంగారం కాదు. బండి కాదు. ఒకే ఒక్క కాగితం.

దాని కోసం పసుపు వ్యాపారి పరమేశ్వర్ సేట్ డిటెక్టివ్‌ను పిలిపించాడంటే నిజామాబాద్ గంజ్ మార్కెట్‌లో ఎవరూ నమ్మరు. ఆయన దుకాణంలో పిల్లి కూడా ఊరికే పాలు తాగలేదని అక్కడ ఒక మాట.

ఉమారాణి కూడా మొదట నమ్మలేదు. పోలీసు శాఖలో ఇరవై ఏళ్లకు పైగా చేసి, ఇన్‌స్పెక్టర్‌గా ఉండగా ఉద్యోగం వదిలేసి, ఖలీల్‌వాడిలో ఒక మెడికల్ షాపు మీద గది తీసుకుంది. వచ్చేవన్నీ పెళ్లి ఎంక్వైరీలు. పిల్లగాడు తాగుతాడా, చెప్పిన జీతం నిజమేనా, ఇదివరకు ఎవరితోనైనా తిరిగాడా. కాగితం పోయిందని పిలిచినవాళ్లు ఇంతవరకు లేరు.

మంగళవారం ఉదయం 10:40. మార్కెట్ యార్డులో సేట్ అడ్తి దుకాణం, పసుపు కొనేదీ అమ్మేదీ అక్కడే. బస్తాల మీద, బల్ల మీద, గోడ గడియారం మీద పసుపు దుమ్ము. సేట్‌కు అరవై దాటాయి. తెల్ల చొక్కా జేబు అంచు కూడా పచ్చబడి ఉంది.

"ముందుగాల ఫీజు మాట్లాడుకుందాం మేడం" అన్నాడు, వేళ్ల నడుమ పసుపు కొమ్ము ఒకటి తిప్పుతూ.

ఆమె పాతిక వేలంది. ఆయన పది అన్నాడు. ఆమె ఇరవైకి దిగింది. ఆయన పన్నెండుకు ఎక్కాడు. చివరకు "పదిహేను" అని కొమ్మును ముందున్న ఇత్తడి పళ్లెంలో పెట్టాడు. ఆమె ఇంకాస్త లాగి చూసింది. సేట్ నవ్వాడు గానీ పెంచలేదు. సరేనంది.

"ఇగ సంగతి చెప్పండి సేట్."

"నా దుకాణంల దొంగలు వడ్డరు. ఎవరో గూడ తెలుసు. రుజువు గావాలె."

"తెలిస్తే నేనెందుకు?"

"కమిటీ రుజువు అడుగుతది. ఎల్లుండి పొద్దుగాల పదకొండుకు కూసుంటరు. గా లోపు గావాలె."

సంగతి ఇదీ. మంజీర క్రికెట్ లీగ్‌లో ఆరు జట్లు. ఆదివారం బోధన్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో ఆటగాళ్ల వేలం జరిగింది. ఒక్కో జట్టుకు వెయ్యి పాయింట్లు. అందులోనే పదిహేను మందిని కొనుక్కోవాలి. డబ్బు కాదు, ఉత్త పాయింట్లే. అయినా యజమానుల పంతం చూస్తే అన్నదమ్ముల ఆస్తి పంపకాలే నయం. లీగ్ వాళ్లు నూట ఇరవై మంది ఆటగాళ్లకు ర్యాంకులు ఇచ్చారు. ఎవరికి ఎంత ధర అన్నది మాత్రం ఎవరికి వారే కట్టుకోవాలి.

సేట్ జట్టు ఇందూరు ఈగల్స్. ఆయన తరఫున ర్యాంకులను పాయింట్లుగా మార్చి, ఎవరి మీద ఎంత దాకా పోవచ్చో హద్దులు రాసి ఇచ్చింది శృతి. రెంజల్ ఊరి అమ్మాయి. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఆ కాగితం ప్రతులు మూడు. ఒకటి శృతి దగ్గర, ఒకటి సేట్ దగ్గర, ఒకటి దుకాణం సొరుగులో. సోమవారం చూస్తే సొరుగులోది లేదు.

"వేలంల ఏమైంది?"

"రాజేందర్ గాడు నా జేబుల చెయ్యి పెట్టి చూసినట్టు ఆడిండు."

రాజేందర్ బోధన్ బుల్స్ యజమాని. పన్నెండేళ్లు ఇదే దుకాణంలో గుమాస్తాగా చేశాడు. గొడవపడి వెళ్లిపోయి బోధన్‌లో బెల్లం, ఎరువుల వ్యాపారం పెట్టుకున్నాడు.

"పదకొండు మంది మీద మా ఇద్దరికే పోటీ వడ్డది. నా హద్దు ఎంతనో గంత దాక నన్ను గుంజిండు, హద్దు కాడ ఆగిండు. వానికి గావాల్సినోడైతే నా హద్దు మీద ఒక్క మెట్టు. అయిదు పాయింట్లు ఎక్కువ, అంతే. పదకొండుకు పదకొండు. గిది నసీబా మేడం?"

"కాదు."

"మరి కాగితం అమ్ముకున్నరన్నట్టే గదా. శృతి అన్న ఉన్నడు, భూమేష్. స్పిన్ ఏస్తడు. ర్యాంకు యాభై రెండు. గసొంటోనికి రాజేందర్ నూట నలభై పెట్టిండు. ఎవడన్న ఊకెనే పెడ్తడా? చెల్లె కాగితమిచ్చింది. అన్నకు ధర దొరికింది."

లీగ్ కమిటీకి ఆయన ఇచ్చిన ఫిర్యాదు అదే. రుజువైతే భూమేష్ జీవితంలో మళ్లీ లీగ్ ఆడడు.

"సొరుగు తాళం?"

"మేనేజర్ అఖిలేష్ కాడ. మంచి పిల్లగాడు."

మంచి పిల్లగాడు అన్న మాట వినగానే ఉమారాణికి చెవి నిక్కపొడుచుకుంటుంది. పెళ్లి ఎంక్వైరీలు చేసి చేసి వచ్చిన అలవాటు.

అఖిలేష్‌కు ఇరవై ఆరేళ్లుంటాయి. నుదుట సిందూరం బొట్టు, చేతికి ఎర్ర దారం.

"సొరుగు ఎప్పుడు మూసినవ్?"

"శనివారం సాయంత్రం మేడం."

"మళ్లా తెరిచింది?"

"సోమవారం."

"నడుమ ఆదివారం పొద్దుగాల ఏడున్నవ్?"

"నేను రాజేందర్‌ను కలవనే లేదు మేడం."

"ఆయన పేరు నేనెత్తలేదు కదా."

అఖిలేష్ చేతికున్న ఎర్ర దారం తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఉమారాణి చాలాసార్లు చూసింది. అయితే భుజం తడుముకున్న ప్రతివాడూ దొంగ కాదని కూడా ఆమెకు తెలుసు. అప్పటికి వదిలేసింది.

*

మధ్యాహ్నం 1:15. కాలేజీ స్టాఫ్ రూమ్. శృతి టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"హద్దులు ఎట్ల కట్టినవ్? నాకర్థమయ్యేటట్టు చెప్పు."

"అమెరికాల బేస్‌బాల్ మీద ఒక ఆట ఆడుకుంటరు మేడం. ఉత్తుత్తి జట్లు, ఉత్తుత్తి వేలం. ర్యాంకులను డాలర్లుగ మార్చే పద్ధతి వాళ్లదే. నేను దాన్ని మన లీగ్‌కు మలుచుకున్న."

"ర్యాంకు ఉన్నది కదా. ఒకటో నంబరోనికి ఎక్కువ, రెండో నంబరోనికి కొంచెం తక్కువ. గంతే కాదా?"

"గట్ల చేస్తేనే మునుగుతం. నూట ఇరవై మందిల అమ్ముడుపోయేది తొంభై మందే. ఆరు జట్లు, జట్టుకు పదిహేను. తొంభయ్యో ఆయనకు కనీస ధర, పది. మిగిలినోళ్లు ఆయన కంటే ఎంత మెరుగో చూడాలె. ఆ మెరుగుకే పాయింట్లు పంచాలె. ఒకటికీ రెండుకీ నడుమ పెద్ద గండి ఉండొచ్చు. నలభైకీ నలభై ఒకటికీ నడుమ ఏం ఉండకపోవచ్చు. ర్యాంకుల చూస్తే రెండూ ఒక్క మెట్టే."

"నాసి కుప్ప రేటు చూసి మేలు కుప్పకు రేటు కట్టినట్టు."

"సేట్ సార్ గూడ గదే అన్నడు. అందుకే ఆయనకు జల్దీ సమజైంది." శృతి మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది.

"కాగితం మీద ఉన్న హద్దులే వేలంల వాడిండ్రా?"

"లేదు మేడం. మొదటి గంటల మిగతా జట్లు పెద్ద పేర్ల మీద పాయింట్లు కుమ్మరించినయి. వాళ్ల చేతిల తగ్గితే మిగిలినోళ్ల ధర గూడ దిగాలె. నేను అక్కడనే మళ్ల లెక్క కట్టి, పలక మీద రాసి, వెనకనుంచి సార్‌కు చూపించిన. నందిపేట్ బంటికి కాగితం మీద నూట ఎనభై. హాల్ల నూట యాభై అయిదుకు దించిన."

"రాజేందర్ ఎక్కడ ఆగిండు?"

"నూట యాభై కాడ. సార్ నూట యాభై అయిదు అన్నరు, ఆయన తల అడ్డంగ ఊపిండు."

ఉమారాణి టీ గ్లాసు కింద పెట్టింది. శనివారం నాటి కాగితం రాజేందర్ చేతిలో ఉంటే నూట డెబ్బై అయిదు దాకా లాగేవాడు. అతనికి తెలిసింది కాగితం మీది అంకె కాదు. ఆ నిమిషంలో పుట్టిన అంకె.

"హాల్ల ఫోన్లు?"

"గేటు కాడనే తీసుకున్నరు."

"పలక ఇంకెవరన్న చూసిండ్రా?"

"నా వెనక గోడ. ముందట సార్ వీపు."

"అంటే ఆ అంకె తెలిసింది ఇద్దరికే. నీకు, సేట్‌కు. గీ ముచ్చట నీ మీదికే వస్తది, ఎరుకేనా?"

"లెక్క గట్లనే ఉన్నది మేడం. నేనేం చెయ్యాలె?"

ఉమారాణి ఆమె కాగితాన్ని మరోసారి చూసింది. ప్రతి పేరు పక్కనా ఒక అంకె. ఒక్క పేరు పక్కన మాత్రం ఖాళీ.

"భూమేష్‌కు ఏం రాయలేదేంది?"

"మా అన్నకు నేను ధర కట్టుడు బాగుండదు మేడం. ఆ పేరొస్తే మీ ఇష్టం అని సార్‌కు ముందే చెప్పిన."

మిగతా ప్రశ్నలన్నిటికీ ఆలోచించి జవాబు చెప్పిన పిల్ల, దీనికి మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఉమారాణికి అది నచ్చలేదు.

*

సాయంత్రం. రెంజల్ దగ్గర చెరుకు తోట. భూమేష్ ట్రాలీ మీదికి గడల కట్టలు అందుకుంటున్నాడు. ముప్పై మూడేళ్లు. పొడుగైన వేళ్లు. ట్రాక్టర్ బంపర్ మీద ఎవరో తెల్ల రంగుతో ‘140’ అని పెద్దగా రాశారు.

"గిదెవరి పని?"

"మా ఊరి పోరగాళ్లది మేడం. ఇప్పుడు నన్ను పేరు వెట్టి ఎవ్వరు పిలుస్తలేరు. నూట నలభై అన్న అంటుండ్రు." నవ్వబోయి ఆపుకున్నాడు.

"రాజేందర్ నీకు ముందునుంచి ఎరుకేనా?"

"మాట్లాడింది లేదు. పోయినేడు ఆయన జట్టు మీద నాలుగు వికెట్లు తీసిన. గది యాదికి వెట్టుకొని కొన్నడనుకున్న."

"నీ చెల్లె కాగితం నువ్వు చూసినవా?"

"సూపియ్యమంటే సూపియ్యలే. మస్తు కొట్లాడిన గూడ."

"నిషేధం వేస్తే?"

భూమేష్ చేతులు దులుపుకున్నాడు. "ట్రాక్టర్ నడుపుత. గది ఎట్లనన్న నడుపుడే. ఆరు దినాలు చెరుకుది, సేట్లది, ఇంటిది. ఐతారం ఒక్కటి నాది. గది గూడ దొంగ అని గుంజుకుంటే ఎట్ల మేడం?"

ఉమారాణికి ఆ మాట నిజమేననిపించింది. అయినా అనుమానం తీసి పక్కన పెట్టలేదు. నిజాయితీగా కళ్లలోకి చూసి అబద్ధం చెప్పిన పెళ్లికొడుకులు ఆమె ఫైళ్లలో చాలామంది ఉన్నారు.

బోధన్ చేరేసరికి దీపాలు పెట్టారు. రాజేందర్ దుకాణంలో మరాఠీ బేరగాళ్లు ఇద్దరు బెల్లం దిమ్మెలు గిల్లి చూస్తున్నారు. వాళ్లను పంపించి అతను ఆమె ముందు కూర్చున్నాడు. బొద్దుగా ఉంటాడు. కళ్లు మాత్రం చురుకు.

"కాగితం నాకెవ్వరు ఇయ్యలే మేడం. ఏ దేవుని మీదనన్న ఒట్టు."

"మరి పదకొండుకు పదకొండు?"

"యాపారం. సేట్ నేర్పిందే."

"భూమేష్‌కు నూట నలభై ఎందుకు?"

మొదటిసారి రాజేందర్ చూపు పక్కకు పోయింది. "అయిపోయింది. ఇప్పుడెందుకు?"

"నీ ఆటగాడు. ఎల్లుండి నిషేధం వేస్తమంటుండ్రు. నువ్వొచ్చి నిలబడి మాట్లాడవా?"

"కమిటీ ఎట్లంటే గట్ల. సీజన్ మొదలుగాకముందు నిషేధం వడ్డోని పాయింట్లు వాపస్ వస్తయి, ఇంకోన్ని కొనుక్కోవచ్చు. రూల్ ఉన్నది."

అడగకుండానే రూల్ చెప్పాడు. ఉమారాణి నమస్కారం పెట్టి లేచింది. తిరుగు బస్సులో నిజామాబాద్ దాకా అదే ఆలోచన. లంచంగా నూట నలభై ఇచ్చినవాడు ఆ మనిషిని కాపాడుకుంటాడు, లేదా భయపడతాడు. ఇతను రెండూ చేయడం లేదు. పుచ్చిన సరుకు వాపసు ఇచ్చేవాడిలా ఎదురుచూస్తున్నాడు.

*

బుధవారం. వేలాన్ని స్థానిక యూట్యూబ్ చానల్ ఒకటి మొదలు నుంచి చివరి దాకా చూపించింది. ఉమారాణి గది తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

మొదటిసారి చూసినప్పుడు శృతినే గమనించింది. దగ్గలేదు, చెయ్యి ఎత్తలేదు, జుట్టు సర్దుకోలేదు. వంచిన తల వంచినట్టే ఉంది. రెండోసారి హాల్లో అటూ ఇటూ తిరిగిన వాళ్లను చూసింది. సేట్ వెనక్కి ఎవరూ పోలేదు.

మూడోసారి మాట తీసేసింది. అది ఆమె పాత పద్ధతి. పెళ్లిచూపుల వీడియోలను ఎప్పుడూ మాట తీసేసి చూస్తుంది. నోరు ఏమంటుందో వినపడకపోతే మిగతా ఒళ్లు ఏమంటుందో కనిపిస్తుంది.

రాజేందర్ వేలం వేసే మనిషి వైపు చూడటం లేదు. స్క్రీన్ మీది అంకెల వైపు చూడటం లేదు. శృతి వైపైతే ఒక్కసారి కూడా చూడలేదు. అతని చూపంతా సేట్ బల్ల మీద ఒకే చోట ఉంది.

ఆమె వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. పదకొండు బేరాలూ వరసగా చూసింది. పన్నెండోది భూమేష్ బేరం. దాన్ని మూడుసార్లు చూసింది. చూసి, ఒక్కతే ఉన్న గదిలో గట్టిగా నవ్వింది.

తరువాత దుకాణానికి వెళ్లి, ఆదివారం సంగతి దాటేసిన అఖిలేష్‌ను అతని స్కూటర్ దగ్గరికి తీసుకుపోయింది.

"డిక్కీ తియ్యి."

"మేడం, అండ్ల ఏం లేదు."

"ఆదివారం పొద్దుగాల నుదుట బొట్టు ఎక్కడ పెట్టించుకున్నవ్?"

అఖిలేష్ ఏడుపు మొహంతో డిక్కీ తీశాడు.

*

గురువారం ఉదయం 11:00. బోధన్ ఫంక్షన్ హాల్ పక్క గది. లీగ్ కార్యదర్శి భానుప్రసాద్ నడుమ కూర్చున్నాడు. ఆదివారం వేలం నడిపింది కూడా అతనే. ఒకవైపు పరమేశ్వర్ సేట్, అఖిలేష్. ఎదురుగా రాజేందర్. గోడ పక్కన శృతి, భూమేష్. భూమేష్ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"రుజువు దొరికిందా మేడం?" అన్నాడు సేట్, వేళ్ల నడుమ కొమ్ము తిప్పుతూ.

"దొరికింది సేట్. ముందుగాల కాగితం ముచ్చట."

అఖిలేష్ ప్లాస్టిక్ సంచి బల్ల మీద పెట్టాడు. అందులో ఎండిపోయిన కొబ్బరి చిప్ప, వాడిపోయిన పువ్వులు, నాలుగు మడతల కాగితం. కాగితం మీద సిందూరం, నూనె మరక.

"సారంగాపూర్ హనుమాన్ గుళ్లె స్వామి పాదాల కాడ పెట్టించిన సార్" అన్నాడు సేట్‌తో. "వేలం మంచిగ జరగాలెనని. ఎవ్వరికి చూపియ్యలే. సోమవారం లొల్లి అయినంక చెప్తే ఎవ్వరు నమ్మరని డిక్కీలనే ఉంచిన."

భానుప్రసాద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. సేట్ నవ్వలేదు.

"వీడు అబద్ధమాడుతుండచ్చు. ఫోటో తీసి పంపిండొచ్చు."

"పంపినా లాభం లేదు. కాగితం మీద బంటికి నూట ఎనభై. హాల్ల మీరు నూట యాభై అయిదుకు దించుకున్నరు. రాజేందర్ మిమ్మల్ని గుంజింది గా నూట యాభై అయిదు దాకనే. శనివారం కాగితంల లేని అంకె ఆయనకు ఎట్ల తెలిసింది?"

"నేను గదే అంటున్న. శృతి చెప్పింది."

శృతి తల ఎత్తలేదు. భూమేష్ లేవబోయాడు. ఉమారాణి చేత్తోనే కూర్చోమంది.

"సేట్, ఒక చిన్న ఆట ఆడుదాం. గీ ప్లాస్టిక్ కుర్చీని వేలం వేస్తున్నం. మీరెంత దాక పోతరో చీటీ మీద రాసి భానుప్రసాద్ గారికి ఇయ్యండి. మీకు నేను పోటీ."

సేట్ చిరాకు పడ్డాడు. అయినా వేలం అంటే ఆయన కాదనలేడు. చీటీ రాసి ఇచ్చాడు. యాభైతో మొదలైంది. ఆమె అరవై అంది. ఆయన డెబ్బై. ఆమె ఎనభై. అలా నూట పది దగ్గర ఆమె ఆగిపోయింది.

"చీటీ తియ్యండి."

భానుప్రసాద్ తీశాడు. నూట పది.

"మళ్లా."

రెండోసారి చీటీ మీద అరవై. ఆమె అరవై దగ్గరే ఆగింది. సేట్ తన చీటీ వైపు, భానుప్రసాద్ వైపు అనుమానంగా చూశాడు.

"ఇంకోసారి. కాకపోతే చేతిలది అఖిలేష్‌కు ఇచ్చేయండి. రెండు చేతులు బల్ల కిందికి."

సేట్ అర్థం కానట్టు చూసి, కొమ్మును అఖిలేష్‌కు ఇచ్చాడు. మూడో వేలం మొదలైంది. ఆమె పెంచింది, ఆయన పెంచాడు. ఆమె పెంచింది, ఆయన పెంచాడు. చివరికి ఆమె నూట అరవై అన్నప్పుడు ఆయన ఇక చాలన్నాడు. కుర్చీ ఆమె నెత్తిన పడింది. చీటీ మీద నూట యాభై.

"నేను ఓడిపోయిన. ఎందుకంటే ఈసారి నాకు మీ కొమ్ము కనవడలేదు" అంది ఉమారాణి.

ఆమె అఖిలేష్ చేతిలోని కొమ్ము వైపు వేలు చూపించింది.

"నలభై ఏళ్లు పసుపు కొన్నరు సేట్. కుప్పల నుంచి ఒక కొమ్ము తీసుకునేది. బేరం నడిచినంత సేపు చేతిల తిప్పేది. మీ మనసుల రేటు వచ్చినంక కొమ్మును మళ్ల కుప్పల పెట్టేది. ఇగ పైసా పెరగదని చెప్పినట్టే. ఇప్పుడు యార్డుల రేట్లు కంప్యూటర్ల కొడుతుండ్రు, గందుకే మీ చెయ్యి ఎవ్వరు చూస్తలేరు. ఆదివారం మళ్ల నలుగుట్ల నోటి బేరానికి కూసున్నరు. పదకొండు సార్లు హద్దు అంకె పలుకుడు, కొమ్ము బల్ల మీద పెట్టుడు. వీడియోల చూడండి. మంగళవారం నా ఫీజు బేరంల గూడ గదే చేసిండ్రు."

సేట్ బల్ల కిందినుంచి చెయ్యి పైకి తీసి, అది ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"గా సంగతి తెలిసినోడు ఒక్కడే. పన్నెండేళ్లు మీ పక్కన నిలవడి కుప్పలు రాసుకున్నోడు."

రాజేందర్ భుజాలు ఎగరేశాడు. "నేను దొంగతనం చేయలే. కండ్లున్నయి, చూసిన. చూసుడు తప్పని రూల్ల ఏడున్నది?"

"రూల్ల లేదు" అన్నాడు భానుప్రసాద్ ఇబ్బందిగా.

"మరి భూమేష్ సంగతేంది?" సేట్ గొంతు తగ్గింది గానీ పంతం తగ్గలేదు. "నూట నలభై ఎందుకు పెట్టిండు?"

"భూమేష్‌కు మీ హద్దు ఎంత సేట్?"

"హద్దు లేదు. శృతి రాయలే. రాజేందర్ పాడుతుండని నేను గూడ పంతానికి పోయిన."

"హద్దు లేకపాయె, కొమ్ము దిగకపాయె. అది దిగుతదేమోనని రాజేందర్ చూసుకుంట పెంచిండు. నూట ముప్పై అయిదు కాడ శృతి వెనకనుంచి మీ భుజం తట్టింది."

"అవును. ఇంకా నలుగురిని కొనాలె సార్ అన్నది."

"మీరు నోటితోని చాలన్నరు. కొమ్ము చేతిలనే ఉన్నది. అప్పటికే రాజేందర్ నోట్లెకెళ్లి నూట నలభై వచ్చింది. సుత్తి వడ్డది. గది లంచం కాదు, తప్పు బేరం. శృతి చెప్పేదుంటే రాజేందర్ గిట్ల మునిగేటోడు కాదు. అన్నాచెల్లెళ్లు దొంగలనడానికి మీరు చూపించిన సాక్ష్యమే వాళ్లకు ఏం తెలియదని చెప్తుంది."

ఉమారాణి రాజేందర్ వైపు తిరిగింది. "చూసుడు తప్పు కాదు. కానీ ఈ పిల్లగాణ్ని దొంగ అంటుంటే నోరు మూసుకొని కూసున్నవు. నిషేధం వడితే నీ నూట నలభై వాపస్ వస్తదని."

"అవ్ మేడం" అన్నాడు రాజేందర్, ఇక దాచి లాభం లేదని. "యాభై, అరవై సరుకుకు నూట నలభై వెట్టిన. వాపస్ వస్తే ఎవరికి చేదు?"

భానుప్రసాద్ ఫిర్యాదు కాగితాన్ని రెండుగా చింపాడు. నిషేధం లేదని, పాయింట్లు వాపసు ఉండవని, భూమేష్ బోధన్ బుల్స్‌కే ఆడతాడని చెప్పాడు. చేతిలో వెన్న పెట్టుకుని ఊరంతా నెయ్యి వెతికినట్టు, సేట్ తన వేళ్లకు అంటిన పసుపు వైపే చాలాసేపు చూశాడు. తరువాత లేచి శృతి దగ్గరికి నడిచాడు.

"బిడ్డా, తప్పు నాది. నిన్ను అనరాని మాటలన్న." అఖిలేష్ చేతిలోని కొమ్ము తీసుకుని ఆమె ముందు పెట్టాడు. "వచ్చే వేలంల గిది నీ కాడ ఉంచు. నేనడిగినా ఇయ్యకు."

శృతి తలూపింది. కళ్లు తుడుచుకుని అన్న వైపు చూసింది.

ఉమారాణి కూడా అప్పుడే చూసింది. కేసు గెలిచినవాడి మొహం అలా ఉండదు. భూమేష్ నేల చూస్తున్నాడు.

*

బయట ఎండ మండిపోతోంది. ట్రాక్టర్ గేటు పక్కన ఆగి ఉంది. బంపర్ మీద తెల్ల రంగు మెరుస్తోంది.

"మేడం, మీ రుణం ఉంచుకోం" అన్నాడు భూమేష్. బంపర్ మీది అంకె చూస్తూ అన్నాడు. "అంటే ఆయన నా బౌలింగ్ చూసి కొనలే అన్నట్టు. నాలుగు వికెట్లు గూడ యాదికి లేవు."

దొంగ కాదని నిరూపించేటప్పుడు అతని నూట నలభై కూడా తానే లాగేసుకున్నానని ఉమారాణికి ఇప్పుడు తెలిసింది.

భూమేష్ చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వైతే ఎంత కట్టేదానివే? నిజం చెప్పు. ఏమనుకోను."

శృతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీకు నేను లెక్క కట్టలేదన్నా. కట్టుడు బాగుండదని ఇడిసిపెట్టిన."

స్టాఫ్ రూమ్‌లో చెప్పిన మాటే. అదే అప్పజెప్పినట్టు. ఉమారాణికి చటుక్కున అర్థమైంది. నూట ఇరవై మందికి లెక్క కట్టినప్పుడు యాభై రెండో వాడికి లెక్క పడకుండా ఎలా ఉంటుంది? మిగిలిన నూట పందొమ్మిది మంది ధర తేలాలన్నా అతని అంకె కావాలి. శృతికి ఆ అంకె తెలుసు. అంత చిన్న అంకె అన్న కంట పడుతుందనే ఖాళీ వదిలింది.

భూమేష్ చెల్లెలి మొహంలోకి చూస్తున్నాడు. తరువాత ఉమారాణి వైపు చూశాడు. అడగకుండానే అడుగుతున్నాడు.

అనుమానం వచ్చాక తరువాతి ప్రశ్న వేయకుండా ఉండటం ఉమారాణికి చేతకాని పని.

"నిజమే భూమేష్" అంది. "నేను గూడ కాగితం చూసిన. నీ పేరు పక్కన ఖాళీనే ఉన్నది."

భూమేష్ తలూపి ట్రాక్టర్ ఎక్కాడు. శృతి పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చుంది. బండి రెంజల్ రోడ్డు ఎక్కింది. బంపర్ మీద ఆ అంకె ఇంకా అలాగే ఉంది.